పేలుడు తర్వాత మోగిన సైరన్

"సైరన్ మోగలేదని అందరూ రాసిచ్చారు పున్నమ్మా. నువ్వూ వేలిముద్ర వేశావు."

"వేయమన్నారు, వేశా. కానీ మోగిందమ్మా," అంది పున్నమ్మ. "నా కాలు మీద రాయి పడ్డాక మోగింది."

ప్రైవేట్ డిటెక్టివ్ ప్రమీలారాణి చేతిలో పెన్ను ఆగింది. సోమవారం, పదహారో తారీఖు, ఉదయం ఎనిమిదీ నలభై. నందిగామ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు. పున్నమ్మ కుడికాలికి మోకాలి పైదాకా కట్టు ఉంది.

పది రోజుల క్రితం, ఆరో తారీఖు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో పేలుడు జరిగింది. దాని పక్కనే సున్నపుగట్టు పాలెం. పేలుడుకి ఇరవై నిమిషాల ముందు పాలెంలోని స్తంభం మీద సైరన్ మోగాలి, మిరపచేలల్లో కాయ కోసే కూలీలు రోడ్డు మీదకి వచ్చేయాలి. ఆ రోజు ఎవరూ రాలేదు. ఎగిరొచ్చిన రాయి పున్నమ్మ కాలు విరగ్గొట్టింది.

సైరన్లను నడిపే ప్రోగ్రాం జగ్గయ్యపేటలో నవనీత్ అనే కుర్ర వ్యాపారి పెట్టిన చిన్న కంపెనీది. అందులో పనిచేసే జాయిస్ కావాలనే ప్రోగ్రాం తుడిచేసిందని అతను పోలీసులకు ఫిర్యాదు చేశాడు. రేపు ఆమెను స్టేషన్‌కి రమ్మన్నారు. జాయిస్ తండ్రి స్తెఫను కూతుర్ని కాపాడమని అడగటానికి నిన్న చర్చి అయ్యాక నేరుగా ప్రమీలారాణి ఇంటికి వచ్చాడు. ఆయనది కూడా ఆ పాలెమే.

"రాయి పడ్డాక ఎంతసేపటికి మోగింది?"

"నాకేం తెలుసమ్మా, కళ్ళు బైర్లు కమ్మినయ్. స్తెఫను నన్ను ఆటో ఎక్కిస్తుంటే మోగింది. ఇప్పుడు మోగి ఎవరిని బతికిద్దామని అని తిట్టుకున్నా."

పున్నమ్మ కోసం క్యారేజీ తెచ్చిన స్తెఫను మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"ఆటో ఎక్కించేటప్పుడే మా అమ్మాయికి ఫోన్ చేశానండి. ఇదుగో, ఒకటీ యాభై. ఫోన్లో సైరన్ మోత విని, నాన్నా, ఇప్పుడు మోగుతుందేంటి అనడిగింది. నేను ఆ గొడవలో పట్టించుకోలా."

ప్రమీలారాణి మూడు అంకెలు రాసుకుంది. మోగాల్సింది ఒకటీ పదికి. పేలుడు ఒకటిన్నరకి. మోగింది ఒకటీ యాభైకి. తుడిచేసిన ప్రోగ్రాం అసలు మోగించదు. నలభై నిమిషాలు ఆలస్యంగా మోగించిందంటే అది బతికే ఉంది, ఏదో వేరే టైం నమ్ముకుని ఉంది.

"ఆ పిల్ల మీద కేసంటగా," అంది పున్నమ్మ. "మర్నాడు పొద్దున వచ్చి నాకు రక్తమిచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తప్పు చేసినోళ్ళు అట్టా ఏడవరు."

"ఏడుపు కేసులో పనికిరాదు పున్నమ్మా. రక్తం ఇచ్చిన టైం మాత్రం పనికొస్తుంది."

కింద రక్తనిధి రిజిస్టరులో ఆ పేజీని ఫోటో తీసుకుంది. ఏడో తారీఖు. జాయిస్. లోపలికి పది దాటి పది నిమిషాలకు, బయటకు పదీ నలభైకి. పక్కన సంతకం.

---

ప్రమీలారాణి జగ్గయ్యపేటలో నవనీత్ ఆఫీసు మెట్లు ఎక్కేసరికి పదకొండున్నర. జాయిస్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి, నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి.

లోపల, జాయిస్ వాడిన కంప్యూటర్ ముందు ఇద్దరున్నారు. కుర్చీలో కూర్చున్న ముప్పై ఏళ్ళ మనిషి బెన్ని, జాయిస్‌కి పని నేర్పిన సీనియర్. వెనక నిలబడ్డది భవానీప్రసాద్. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్, ఇప్పుడు క్వారీకి సెక్యూరిటీ అధికారి. తప్పు జాయిస్‌దేనని స్టేషన్లో రిపోర్టు ఇచ్చింది ఆయనే. ప్రమీలారాణి ఒకప్పుడు పోలీసు సైబర్ విభాగంలో ఆయన కింద కంప్యూటర్ నిపుణురాలిగా పనిచేసింది. ఆయన రాసిన రిపోర్టు ఒకటి తప్పని మొహం మీదే చెప్పి ఉద్యోగం మానేసింది.

"అందరి తప్పులూ దిద్దే టీచరమ్మ గారు వచ్చారే," అన్నాడు భవానీప్రసాద్. "ఆలస్యమైంది. చెత్త తీసేసి కాపీ ఇమ్మన్నా. సాయంత్రానికి స్టేషన్లో అప్పజెప్తా."

ప్రమీలారాణి తెర మీద చూసింది. బెన్ని ఒక లైను టైపు చేశాడు, ఇంకా నొక్కలేదు.

"బెన్నీ, కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి."

ఆమె గొంతు పెద్దది కాదు. బెన్ని చెయ్యి తీసేశాడు.

"ఈ కమాండ్ ఎవరు చెప్పారు?"

"నవనీత్ గారు... ఫోన్లో పంపారండి. ఫోల్డరు బరువు తగ్గుద్దని."

"ఇందులో చివరి మాట చూశావా? ఇప్పుడే అని ఉంది. తీసేసిన పనిని ఈ సాఫ్ట్‌వేర్ వెంటనే చెరిపెయ్యదు, రెండు వారాలు ఉంచుద్ది. నువ్విది నొక్కితే ఆ రెండు వారాలు కూడా ఆగదు."

"నాకు పాఠాలొద్దు," అన్నాడు భవానీప్రసాద్. "ఈ మెషీన్ సాక్ష్యం. మీరు ముట్టుకోవటానికి వీల్లేదు."

"నేను ముట్టుకోనండి. మొత్తం ఫోల్డరు కాపీ తీద్దాం, మీ ఎదురుగా, మీ డ్రైవ్‌లోకి. కాపీలోనే చూస్తా. అసలుది సీలు వేసుకోండి. ఇష్టం లేకపోతే స్టేషన్‌కి ఫోన్ చేసి అడగండి."

ఆయన ఫోన్ చేశాడు. వాళ్ళు పైవాళ్ళని అడిగి, సరేనని చెప్పి, కాపీ పూర్తయ్యేసరికి పన్నెండూ పది దాటింది. ఆ సేపంతా లోపలి గది అద్దం వెనక నవనీత్ కూర్చునే ఉన్నాడు, బయటకు రాలేదు.

"చెప్పమ్మా," అంది ప్రమీలారాణి జాయిస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని. "మూడో తారీఖు సాయంత్రం."

"సైరన్ బ్రాంచిలో పని చేస్తున్నానండి."

"బ్రాంచి అంటే?" అన్నాడు భవానీప్రసాద్.

"ఒకే ప్రోగ్రాం మీద రెండు మూడు పనులు నడుస్తుంటాయండి. ఒకదాన్లో ఒకటి కలవకుండా దేని దారి దానికి పెట్టుకుంటాం. అదే బ్రాంచి. నాలుగింటికి నవనీత్ గారొచ్చి సైరన్ ఆపు, రేపట్నుంచి కొత్తవాళ్ళకి డెమో ఉంది, ఆ బ్రాంచికి మారు అన్నారు. నా పని సగంలో ఉంది. అట్టాగే మారితే రెండూ కలగాపులగం అవుతాయి. అందుకని స్టాష్ చేసా. అంటే సగం పనిని మూట కట్టి పక్కన పెట్టటం. తిరిగొచ్చాక విప్పుకోవచ్చు."

"తిరిగొచ్చావా?"

"రానివ్వలేదండి. మూడు రోజులూ డెమో పనే. ఆరో తారీఖు ఇది జరిగింది. ఏడున నందిగామ నుంచి మధ్యాహ్నం వచ్చి చూస్తే స్టాష్ లిస్టు ఖాళీ. అడిగితే, నువ్వే తుడిచేశావన్నారు."

ప్రమీలారాణి కాపీ తెరిచింది. ఎప్పుడు ఏ బ్రాంచిలోంచి ఏ బ్రాంచిలోకి మారారో ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఒక చిట్టా రాసుకుంటుంది. మూడో తారీఖు దగ్గర ఆగింది. రెండు లైన్లు. సాయంత్రం నాలుగూ పద్దెనిమిదికి, రీసెట్. నాలుగూ పంతొమ్మిదికి, సైరన్ నుంచి డెమో బ్రాంచికి మార్పు.

భవానీప్రసాద్ ముందుకు వంగి వేలు పెట్టాడు. "రీసెట్. అంటే ఉన్నది తుడిచేయటమేగా. మెషీనే చెప్తుంది. ఇంకేం కావాలి మీకు?"

"స్టాష్ చేసినా లోపల ఇదే జరుగుద్దండి. ముందు మూట కట్టుద్ది, తర్వాత బల్ల శుభ్రం చేసుద్ది. చిట్టాలో శుభ్రం చేసిన సంగతే పడుద్ది. ఊరికే తుడిచేసినా ఇదే లైను పడుద్ది. దీన్నిబట్టి జాయిస్ నిజం చెప్తుందనీ అనలేను, అబద్ధమనీ అనలేను."

"మరెట్టా తేలుద్ది?"

"మూట దొరకాలి."

"లిస్టు ఖాళీ అని ఆ అమ్మాయే చెప్పింది."

"కొట్లో బస్తాకి కట్టిన చీటీ చింపేశారనుకోండి. లిస్టులో ఆ బస్తా ఉండదు. గోడౌన్లో మాత్రం ఉంటుంది, ఎవరూ అడక్కుండా. అది కట్టిన నాటి నుంచి పధ్నాలుగు రోజులు దాటాక, గోడౌన్ ఊడ్చినప్పుడు పోతుంది. రేపు సాయంత్రం నాలుగూ పద్దెనిమిదికి పధ్నాలుగు రోజులు."

ఆమె ఒక కమాండ్ కొట్టింది. ఏ బ్రాంచికీ చెందకుండా, ఏ పేరూ లేకుండా మిగిలిపోయిన పనులన్నీ వెతకమని. తెర మీద ఏడు పొడుగాటి నంబర్లు వచ్చాయి. ఒక్కొక్కటే తెరిచింది. మొదటిది నిరుటిది. రెండోది, మూడోది బెన్నివి. నాలుగోది ఖాళీ.

ఐదోది తెరవగానే జాయిస్ చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తయారైన టైం మూడో తారీఖు, నాలుగూ పద్దెనిమిది. చేసినవాళ్ళు జాయిస్. మూటకి పెట్టిన పేరు ఇంగ్లిషు అక్షరాలతో రాసిన తెలుగులో ఉంది. ప్రమీలారాణి పైకి చదివింది.

"పేలుడు టైం మారిస్తే స్తంభాలకి కొత్త టైం వెళ్ళట్లేదు. పాత టైంకే మోగుద్ది. నవనీత్ గారికి చెప్పా. డెమో అయ్యాక చూద్దాం అన్నారు."

"చెప్పానని నాకు తెలుసండి," అంది జాయిస్ నెమ్మదిగా. "రాశానని గుర్తులేదు. ఏదో ఒకటి పేరు పెట్టాలని గబగబా కొట్టా."

ప్రమీలారాణి కుర్చీ తిప్పింది. "ప్రసాద్ గారూ, ఆరో తారీఖున పేలుడు ముందు ఎన్నింటికి పెట్టారు?"

"రెండూ పదికి. పేలుడుమందు వ్యాన్ త్వరగా వచ్చిందని ఒకటిన్నరకి జరిపారు."

"రెండూ పదికి ఇరవై నిమిషాల ముందంటే?"

ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఒకటీ యాభై," అన్నాడు చివరికి.

"ఒకటీ యాభైకే మోగింది. స్తెఫను ఫోన్లో ఉంది, పున్నమ్మ చెప్పింది. ఈ అమ్మాయి ఏదీ చెడగొట్టలేదు. చెడిందని కనిపెట్టి బాగుచేస్తుంటే లేపి వేరే పనిలో కూర్చోబెట్టారు. ఇక మూట చీటీ ఎవరు చింపారో చూద్దాం."

స్టాష్ లిస్టు ఉండే ఫోల్డరు చివరిసారి ఎప్పుడు మారిందో చూసింది. ఏడో తారీఖు ఉదయం పదీ ఇరవై ఆరు. ఆమె తన ఫోన్లో రక్తనిధి పేజీ తీసి భవానీప్రసాద్ ముందు పెట్టింది.

"పదీ ఇరవై ఆరుకి జాయిస్ ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, చేతికి సూదితో పడుకుని ఉంది. ఈ గదిలో ఎవరున్నారు?"

బెన్ని లేచి నిలబడ్డాడు.

"నేనండి. లిస్టు చెరిపేసే క్లియర్ కమాండ్ నేనే కొట్టా."

"ఎవరు కొట్టమన్నారు?"

"పాతవి ఏమన్నా ఉంటే తీసెయ్యి, పోలీసులొస్తే గందరగోళం అన్నారు నవనీత్ గారు."

"అందులో ఏముందో చదవకుండా కొట్టావా?"

బెన్ని గోడకేసి చూశాడు. అబద్ధం చెప్పటానికి అతనికి అదే చివరి అవకాశం.

"చదివానండి," అన్నాడు. "రెండుసార్లు చదివా. ఇది ఉంటే కంపెనీ మూతపడుద్దని అర్థమైంది. నా భార్యకి నెలలు నిండినయ్. ఇంకెక్కడ పని దొరుకుద్దో తెలీదు. కొట్టేసా. మర్నాడు జాయిస్ మీద కేసు పెడతారని మాత్రం నాకు తెలీదండి, ఏసయ్య సాక్షి. తెలిశాక కూడా నోరు తెరవలేదు. అది నా తప్పే. రెండు ఆదివారాలు చర్చికి పోలేదు. వీళ్ళ నాన్న ముందు బెంచీలో కూర్చుంటారు, ఆయన వీపు చూడలేక."

జాయిస్ అతని వైపు తిరిగింది. "నాకు స్టాష్ చేయటం నేర్పింది నువ్వేగదా అన్నా," అంది. కోపంగా అనలేదు. అందుకే బెన్ని తట్టుకోలేకపోయాడు, ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. నవనీత్ బయటకు వచ్చాడు. ఖరీదైన చొక్కా నలిగి ఉంది.

"తనని అనకండి. చెప్పింది నేను," అన్నాడు. "జాయిస్ నాకు చెప్పింది. టైం ఎప్పుడో గాని మార్చరుగా, రెండ్రోజులు ఆగితే ఏమవుద్దిలే అనుకున్నా. తర్వాత ఆమె కాలు ఫోటో చూశా. ఇక నిజం చెప్పే ధైర్యం రాలేదు."

"ఆమెకో పేరుంది," అంది ప్రమీలారాణి. "పున్నమ్మ. మీ సంతకం ఉన్న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ కాగితం రాయండి. మిగతాది పోలీసులతో మాట్లాడుకుందురు గాని."

నవనీత్ తలూపి కాగితం కోసం సొరుగు తెరిచాడు. భవానీప్రసాద్ స్టేషన్‌కి చెప్దామని జేబులోంచి ఫోన్ తీశాడు. అందులో ఆయన చూడని మెసేజ్ ఒకటి ఉంది.

"క్వారీ నుంచి మెసేజ్," అన్నాడు. "పది రోజుల తర్వాత ఇవాళే మళ్ళీ పేలుస్తున్నారు. పొద్దున రెండున్నరకి అని పెట్టారు. మందు వ్యాన్ ముందే వచ్చిందట. ఒకటిన్నరకి మార్చారు."

"ఎప్పుడొచ్చింది మెసేజ్?"

"పన్నెండూ యాభైకి. నేను చూసుకోలా."

గోడ గడియారంలో ఒకటీ నాలుగు.

"నవనీత్ గారూ, ఇప్పుడు స్తంభం మీద ఉన్నది పాత ప్రోగ్రామేనా?"

"పాతదే. తప్పంతా జాయిస్‌దే, ఇక ఇబ్బంది లేదని క్వారీ వాళ్ళకి చెప్పా," అన్నాడతను.

భవానీప్రసాద్ అప్పటికే డయల్ చేస్తున్నాడు. స్విచాఫ్. ఇంకో నంబరు. అదీ స్విచాఫ్. మందు నింపేటప్పుడు అక్కడ అందరూ ఫోన్లు ఆపేయాలి. ఆ రూలు పెట్టింది ఆయనే.

"పధ్నాలుగు కిలోమీటర్లు. జీపులో పోతా," అని మెట్ల మీదకి పరిగెత్తాడు. సగం దిగి ఆగి, తల పైకెత్తాడు. "ప్రమీలారాణి గారూ, నేను చేరలేకపోతే... మీరేదైనా చెయ్యండి."

జాయిస్ తండ్రికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టింది. "నాన్నా, ఎక్కడున్నావు? ఒకటిన్నరకి పేలుస్తున్నారు. సైరన్ మోగదు. చేలో వాళ్ళని రోడ్డెక్కించు."

"అరవై మందికి పైనున్నారమ్మా, మూడు చేలల్లో," స్తెఫను గొంతు అప్పటికే పరుగులో ఉంది. "నేనొక్కడిని అరిస్తే ఎంతమందికి వినపడుద్ది. సరే, పోతున్నా."

ప్రమీలారాణి కుర్చీలోంచి లేచింది. "నీ మూట ఇక్కడుంది. విప్పితే పనిచేస్తుందా?"

"సగమే అయిందండి. కొత్త టైం స్తంభానికి పంపటం రాసా. పంపింది అందిందో లేదో చూసుకోవటం రాయలా."

"అందిందో లేదో మీ నాన్న చెప్తాడు. కూర్చో."

జాయిస్ కూర్చుంది. సైరన్ బ్రాంచికి మారింది. చీటీ లేని ఆ మూట పొడుగాటి నంబరు ఎక్కించి, మూట విప్పమంది. మూడు ఫైళ్ళు తిరిగి వచ్చాయి, మూడో తారీఖు సాయంత్రం ఆమె ఎక్కడ ఆపిందో అక్కడికి, సగంలో తెగిన లైనుతో సహా. ఆ లైను పూర్తిచేసే తొందరలో ఎక్కడో తప్పు పడింది, ప్రోగ్రాం ఆడలేదు. ఒకటీ పదకొండు.

"పదిహేడో లైను," అన్నాడు బెన్ని వెనక నుంచి. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. "బ్రాకెట్ మూయలేదు. స్తంభం నంబర్లు నేను చదువుతా, నువ్వు కొట్టు."

అతను చదివాడు. ఆమె కొట్టింది. ఒకటీ పద్నాలుగుకి ఎంటర్ నొక్కింది.

తెర మీద ఏమీ రాలేదు. స్పీకరులో స్తెఫను రొప్పు, దూరంగా ఎవరో ఆడవాళ్ళు ఏంటి ఏంటి అని అడగటం. నవనీత్ చేతిలో కాగితం నలిగిపోతోంది. ప్రమీలారాణి గడియారం చూడటం మానేసి జాయిస్ భుజం మీద చెయ్యి వేసింది.

ముందు సన్నగా, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు. తర్వాత ఫోను స్పీకరు పగిలిపోయేంత గట్టిగా.

"మోగుతుందమ్మా," స్తెఫను కేక. "మోగుతుంది. అందరూ లేస్తున్నారు. బుట్టలొదిలేసి వస్తున్నారు."

జాయిస్ తల బల్ల మీద ఆనించి ఏడ్చింది.

ఒకటీ ఇరవై ఐదుకి భవానీప్రసాద్ ఫోన్ చేశాడు. ఆయాసపడుతున్నాడు. "గేటు దగ్గరున్నా. పేలుడు ఆపించా. రోడ్డు మీద జనం నిండిపోయారు, చేలల్లో ఒక్కరు లేరు. ఆ అమ్మాయికి చెప్పండి. నేను స్టేషన్లో ఇచ్చిన రిపోర్టు తప్పని ఇవాళే రాసిస్తానని కూడా చెప్పండి."

"మీరే చెప్పండి, వింటుంది."

ఆయన చెప్పబోయి, ఇంకేదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. "ఒక నిమిషం. ఈ ప్రోగ్రాం మా క్వారీకి ఒక్కదానికే ఇచ్చారా?"

ప్రమీలారాణి నవనీత్ వైపు తిరిగింది. అతను నలిగిన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"డెమో బాగా నచ్చిందండి," అన్నాడు. "మైలవరం దారిలో కంకర క్వారీ వాళ్ళు పోయిన వారమే పెట్టించుకున్నారు. పక్కన ఊళ్ళో బడి ఉందని నాలుగు స్తంభాలు తీసుకున్నారు. వాళ్ళకిచ్చింది కూడా పాతదే."

"ఇవాళ వాళ్ళ పేలుడు ఎన్నింటికి?"

"మూడున్నరకి అని ఉంది." అతను తన ఫోన్ తెరిచి చూశాడు. "పావుగంట క్రితం మార్చారండి. రెండింటికే."

జాయిస్ కళ్ళు తుడుచుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"ఆ నాలుగు స్తంభాల నంబర్లు చదువన్నా," అంది బెన్నితో.